చక్రాల గొట్టం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ వస్తువూ ఒక్క ఉద్యోగంతో బతకలేదు. సన్నికల్లు పొత్రం పచ్చడి నూరని వేళల్లో కారు చక్రం కింద కాపలా కాసేది. ఆసుపత్రిలో పారేయబోయిన గాజు సిరంజి మా ఇంటికి వచ్చి కుట్టుమిషనుకు నూనె పోసేది. నాన్నగారి దగ్గర ఒక ఇనప గొట్టం ఉండేది. బిగుసుకుపోయిన చక్రాల నట్లు విప్పాలంటే దాన్ని స్పానరు పిడికి తొడిగి తిప్పేవారు. ఆ పని లేని రోజుల్లో అది పక్కింటివాళ్ళ బోరింగు పంపుకు, విరిగిన చెయ్యికి బదులు చెయ్యిగా ఉండేది. అన్నిటికీ రెండేసి పనులున్న ఆ ఇంట్లో ఒక్క పనికీ కుదరని వస్తువుని నేనేనని మా అమ్మ అంటూ ఉండేది. ఆ మాట తప్పని నిరూపించడానికి నేనొకసారి గట్టి ప్రయత్నం చేశాను. తెమ్మన్నది కాకుండా ఇంకొకటి తెచ్చాను.

మా ఊరు మండపేట పక్కన. నాన్నగారు అక్కడి మిషను ఆసుపత్రిలో డ్రైవరు, అమ్మ అందులోనే నర్సు. ఆసుపత్రి ఆవరణలోనే వరసగా నాలుగు క్వార్టర్లు ఉండేవి. ఒకటి మాది, దాని పక్కది కాంపౌండరుగారిది. ఆసుపత్రికి రెండు బళ్ళు. ఒకటి అంబాసిడరు, దానికి వేరే డ్రైవరు ఉండేవాడు. రెండోది సీమకారు, అది నాన్నగారిది. ఆయన కొన్నారని కాదు, ఆయన తప్ప ఇంకెవరూ దాన్ని నడపలేరని. అంతకుముందు పనిచేసిన దొరసాని డాక్టరమ్మగారు తమ దేశం నుంచి ఓడలో తెప్పించుకున్న కారు అది. వెళ్ళిపోతూ ఆసుపత్రికి వదిలేసి వెళ్ళారు. అంబాసిడరుకి జబ్బు చేస్తే మండపేట లారీ షెడ్లలో ఎవర్ని లేపినా నిద్రకళ్ళతోనే బాగుచేసేసేవారు. సీమకారు బానెట్టు ఎత్తగానే మాత్రం మెకానిక్కులు చేతులు జోడించేవారు. అది భక్తి కాదు, సెలవు పుచ్చుకోవడం.

దాని బ్రేకులే వేరు. అంబాసిడరు చక్రంలో బ్రేకు డోలు లాంటి డ్రమ్ము లోపల దాక్కుని ఉంటుంది. సీమకారుకి ప్రతి చక్రం వెనకాలా ఒక ఇనప పళ్ళెం తిరుగుతూ ఉండేది. బ్రేకు తొక్కితే రెండు బిళ్ళలు రెండు పక్కల నుంచీ ఆ పళ్ళేన్ని అదిమి పట్టుకునేవి. వాటిని ప్యాడ్లంటారు. ఆ ప్యాడ్లను పట్టి ఉంచే ఇనప సామానుకి ఏదో ఇంగ్లీషు పేరుంది గానీ, నాన్నగారికి అది నోరు తిరక్క ‘దవడ’ అని పేరు పెట్టుకున్నారు. దవడ అన్నాక ప్యాడ్లు పళ్ళు కాక తప్పలేదు. “పళ్ళేన్ని పట్టుకునేవి పళ్ళు” అని నాకు వివరించి, తన చమత్కారానికి తనే ముందు నవ్వేవారు. మాటల్ని అటూ ఇటూ తిప్పే జబ్బు నాకు ఆయన నుంచే వచ్చింది. బండిని తిప్పే విద్య మాత్రం రాలేదు.

ప్రతి గురువారం పెద్ద డాక్టరుగారు కోటిపల్లి రేవు దాటి అవతలి లంకల్లో రోగుల్ని చూడ్డానికి వెళ్ళేవారు. రేవులో కారుని పంటు ఎక్కించాలి. పంటు అంటే రెండు పెద్ద పడవల్ని జతచేసి పైన బల్లలు పరిచినది. మనుషులూ సైకిళ్ళూ గేదెలూ కార్లూ, అన్నీ దాని మీదే. పంటు దగ్గరికి వెళ్ళాలంటే గట్టు మీద నుంచి నీళ్ళ దాకా ఏటవాలుగా దిగాలి. అక్కడ బండి ఆపి, చేతిబ్రేకు లాగి, పంటువాళ్ళు పిలిచేదాకా వాలులో నిలబెట్టాలి. ఒక గురువారం నాన్నగారు చేతిబ్రేకు లాగి కారు దిగారు. కారు కూడా దిగడం మొదలుపెట్టింది. పంటువాళ్ళు పరుగెత్తుకొచ్చి చక్రాల కింద దుంగలు వేస్తే ముందు చక్రాలు తడిసిన తరవాత ఆగింది.

పంటు నడిపే సరంగు చాలా మర్యాదస్తుడు. కోపం వచ్చినా ‘అండి’ వదిలేవాడు కాదు. “డ్రైవరుగారూ, గోదారమ్మకి కొబ్బరికాయ ఇస్తారు గానండి, కారు ఎవరూ ఇవ్వరండి. వచ్చే లక్ష్మివారం ఆ బ్రేకు పట్టకపోతే మీ బండిని పంటు ఎక్కించనండి. ఏమీ అనుకోకండి” అన్నాడట.

ఆ మాట కన్నా పెద్ద డాక్టరుగారి మాట నాన్నగారికి గట్టిగా తగిలింది. డాక్టరుగారు మితభాషి. చీటీ మీద మందు రాసినట్టు రెండే వాక్యాలు చెప్పారు. గురువారానికి ఈ కారు బాగవకపోతే పాతసామాన్లవాళ్ళకి ఇచ్చేద్దాం అన్నది మొదటిది. డ్రైవరుతో సహా జీపు అద్దెకి దొరుకుతోందట అన్నది రెండోది. ఆ రాత్రి అన్నం దగ్గర నాన్నగారు రెండుసార్లు “డ్రైవరుతో సహా” అని తనలో తను అనుకున్నారు. అమ్మ వడ్డించడం ఆపి ఆయన వైపు చూసింది. తొమ్మిదేళ్ళదాన్నైనా నాకు అర్థమైంది. కారు పోతే ఆసుపత్రికి మా నాన్నగారితో పని లేదు. మా నాన్నగారితో పని లేకపోతే ఈ క్వార్టరు, ఈ పక్కిల్లు, ఈ ఆవరణ, ఏదీ మాది కాదు.

అదృష్టం ఏమిటంటే వెనక చక్రాల ప్యాడ్లు పలచబడ్డాయని నాన్నగారు ముందే పసిగట్టి, చాలా నెలల కిందటే దొరసాని డాక్టరమ్మగారికి ఉత్తరం రాయించారు. ఆవిడ పంపిన చిన్న పెట్టె వచ్చి బీరువాలో ఉంది. అందులో నాలుగు ప్యాడ్లు, ఒక కాగితం. కాగితం మీద రాసినదంతా వాళ్ళ భాష, ఇంగ్లీషు కూడా కాదు. బొమ్మలు మాత్రం ఉన్నాయి. ఆ పెట్టెలో ప్యాడ్లున్నాయని విని నేను చాలా ఆశపడి మూత తీసి చూశాను. అప్పటికి నాకు తెలిసిన ప్యాడు ఒక్కటే, పరీక్షల్లో కాగితం కింద పెట్టుకునే అట్ట. క్లిప్పు లేని ఈ ప్యాడ్లు ఏం పరీక్ష రాస్తాయా అనుకున్నాను. రాసే పరీక్ష పెద్దదేనని తరవాత తెలిసింది.

బుధవారం పొద్దున్నే, అమ్మ డ్యూటీకి వెళ్ళగానే, నాన్నగారు కారుని మా క్వార్టరు ముందుకి తెచ్చి గోనెపట్టా పరిచారు. బడికి వేసవి సెలవులు కాబట్టి నేను అరుగు మీద కూర్చుని కాళ్ళూపుతూ ప్రశ్నలు వేస్తున్నాను. పొత్రం ఎందుకు? చేతిబ్రేకు వదిలేశాం కదా, బండి జరక్కుండా. జాకీ ఉండగా మళ్ళీ దుంగ ఎందుకు? జాకీని నమ్మకూడదు కదా. మరి దుంగని నమ్మొచ్చా? నాన్నగారు నట్ల మీద స్పానరు పెట్టి లాగారు. అవి కదల్లేదు. నన్ను కూడా అక్కడి నుంచి కదిలించాలనుకున్నారేమో, “పక్కింటికి వెళ్ళి అత్తయ్యగార్ని అడిగి మన చక్రాల గొట్టం పట్రామ్మా” అన్నారు.

పక్కింటి అత్తయ్యగారంటే కాంపౌండరుగారి భార్య. నాన్నగార్ని అన్నయ్యగారూ అనేవారు కాబట్టి నాకు అత్తయ్యగారు. ఆవిడ పుట్టిల్లు గుంటూరు వైపు. మేము జంతికలు అనేవాటిని ఆవిడ చక్రాలు అనేవారు. పేరు ఏదైనా ఆవిడ చేతివి నేను పదేసి తినేసేదాన్ని కాబట్టి నాకు ఆ తేడాతో ఏ పేచీ లేదు. ఇక బోరింగు పంపుకున్న ఆ ఇనప చెయ్యి నాన్నగారి గొట్టమేనని నాకు ఎవరూ చెప్పలేదు. అది పంపుకు పుట్టుకతో వచ్చిన చెయ్యే అనుకునేదాన్ని.

“అత్తయ్యగారూ, నాన్నగారు చక్రాల గొట్టం తెమ్మన్నారండి.”

“పొద్దున్నే చక్రాల గొట్టం దేనికే?”

“రేపు పంటు మీద వెళ్ళాలి కదండీ, అందుకండి.”

“ఓహో, రేవు దగ్గర తినడానికా! మీ అమ్మ డ్యూటీలో ఉంటే అన్నయ్యగారే వండుకుంటున్నారా పాపం. బిళ్ళ ఏది కావాలన్నారే, ముళ్ళదా, సన్నదా?”

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడం నామోషీ. “అన్నీ ఇచ్చేయండి” అన్నాను. నా జీవితంలో తరవాత జరిగిన చాలా పొరపాట్లు కూడా ఇలాగే, అర్థం కాని ప్రశ్నకి ‘అన్నీ’ అని జవాబు చెప్పడంతోనే మొదలయ్యాయి.

ఇత్తడి గొట్టం, పైన తిప్పే పిడి, నాలుగు రకాల బిళ్ళలు. రెండు చేతులా మోసుకొచ్చి గోనెపట్టా మీద పెట్టాను. నాన్నగారు దాన్ని చూశారు, నన్ను చూశారు, మళ్ళీ దాన్ని చూశారు.

“ఏంటమ్మా ఇది?”

“చక్రాల గొట్టమండి నాన్నగారూ. మీరే కదా తెమ్మన్నారు.”

ముందటి గురువారం నుంచీ ముడిపడి ఉన్న ఆయన మొహం ఒక్కసారిగా విడిపోయింది. నేల మీద చతికిలబడి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నేను ఏడుపు మొహం పెట్టాను. అది చూసి ఆయన నవ్వు ఆపుకుని, దాన్ని వెనక్కి పంపకుండా జాకీకీ స్పానర్లకీ మధ్య జాగ్రత్తగా నిలబెట్టారు. “ఉండనీ. మన సామానులో ఇంత తళతళలాడేది ఇంకొకటి ఉందా ఏంటి?” అన్నారు. తనే వెళ్ళి పంపు నుంచి ఇనప గొట్టం ఊడదీసుకొచ్చారు. అత్తయ్యగారు అప్పుడు వంటింట్లో ఉన్నారు. ఆయన్ని చూడలేదు.

గొట్టం తొడగగానే నట్లు బుద్ధి తెచ్చుకున్నాయి. చక్రం ఊడింది. పళ్ళెం కనిపించింది, దాన్ని కరుచుకుని దవడ కనిపించింది. దవడని విప్పి వేలాడదీయాలి, దాని బరువంతా బ్రేకు నూనె వచ్చే రబ్బరు గొట్టం మీద పడకూడదు, పడితే అది చిరుగుతుంది. కట్టడానికి ఏదీ కనబడక నాన్నగారు నా జడ వైపు చూశారు. నా బడి రిబ్బను అలా కారుకి కట్టుబడింది. అరిగిన ప్యాడ్లు బయటికి తీసి చూపించారు. కొత్తవి బిస్కెట్టంత మందంగా ఉంటే పాతవి అప్పడంలా ఉన్నాయి. ఇవే కాలితో తొక్కినప్పుడూ పట్టాలి, చేతిబ్రేకు లాగినప్పుడూ పట్టాలి. అప్పడం ఏం పడుతుంది?

ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది. పాత ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నెట్టే పిస్టను ముందుకి జరుగుతూ వచ్చింది. మందంగా ఉన్న కొత్తవి పట్టాలంటే దాన్ని మళ్ళీ లోపలికి పంపాలి. ముందు చక్రాల ప్యాడ్లు ఏడాది కిందట నాన్నగారే మార్చారు. అప్పుడు చెక్కముక్క అడ్డం పెట్టి నొక్కితే పిస్టను మారు మాట్లాడకుండా లోపలికి పోయింది. అందుకని ఇప్పుడూ నొక్కారు. పోలేదు. బ్రేకు నూనె డబ్బా నిండుగా ఉండి అడ్డుకుంటోందేమోనని కుట్టుమిషను సిరంజితో కొంత నూనె పీల్చి బయట పోశారు. మళ్ళీ నొక్కారు. పోలేదు. జాకీ పిడిని మీటలా పెట్టి ఒంటి బరువంతా వేసి నొక్కారు. చొక్కా తడిసింది గానీ పిస్టను వెంట్రుక వాసి కూడా కదల్లేదు. నేను ప్రశ్నలు ఆపేశాను. నా అంతట నేను ప్రశ్నలు ఆపేయడం అదే మొదటిసారి అనుకుంటాను.

నాన్నగారు లేచి సుత్తి తీసుకున్నారు.

సుత్తి అంటే ఏమిటో ఆయనకి నాకన్నా బాగా తెలుసు. ఆ పిస్టను పగిలితే, లోపల రబ్బరు తెగితే, ఓడలో వచ్చిన కారుకి సామాను మళ్ళీ ఓడలోనే రావాలి. గురువారంలోగా ఏ ఓడా రాదు. అయినా చెక్కముక్క పిస్టను మీద పెట్టి, చెయ్యి పైకెత్తారు. మనిషికి దారి తోచనప్పుడు బలం తోస్తుందని నాకు ఆ ఎత్తిన చెయ్యి చూశాకే తెలిసింది.

సరిగ్గా అప్పుడు పక్కింటి అత్తయ్యగారు గిన్నె మీద పళ్ళెం మూసి పట్టుకుని వచ్చారు. “అన్నయ్యగారూ, ఒక్కరూ ఏం కలుపుతారని పిండి నేనే కలిపి తెచ్చేశానండి” అంటూ వచ్చినావిడ, స్పానర్ల మధ్య తన ఇత్తడి గొట్టాన్నీ, నాన్నగారి చేతిలో సుత్తినీ చూసి కొయ్యబారిపోయారు.

“అయ్యో అయ్యో! నా గొట్టాన్ని ఏం చేస్తున్నారండీ?”

“మీ గొట్టం జోలికి పోలేదండి చెల్లెమ్మగారూ. అది పొరపాటున వచ్చిందండి. ఇదిగో, ఇది లోపలికి పోనంటోందండి. ఒక్క దెబ్బ వేస్తే పోతుంది.”

ఆవిడ వెళ్ళిపోలేదు. పిండిగిన్నె నా ఒళ్ళో పెట్టి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, గోనెపట్టా అంచున కూర్చుని, పిల్లలు పురుగుని చూసినట్టు ఆ పిస్టను మొహంలోకి చూశారు. కొంచెంసేపు చూసి, “అది నొక్కేదా అండి, తిప్పేదా?” అన్నారు.

నాన్నగారు చెయ్యి దించలేదు. “ఏంటండీ?” అన్నారు.

“ఏం లేదండి, మీ ఇంట్లో ఉన్న చెక్క గొట్టం నొక్కేది. నాది తిప్పేది. కొత్తలో మా అత్తగారు నాదాన్ని కూడా రెండు చేతులా నొక్కబోయి మణికట్టు బెణికించుకున్నారండి. చూడ్డానికి రెండూ గొట్టాలే మరి. దీని మొహం మీద అటొకటి ఇటొకటి గాట్లున్నాయి కదా, ఎందుకున్నాయా అని అడిగానంతే.”

నాన్నగారు వంగి చూశారు. నిజంగానే పిస్టను మొహం మీద ఎదురెదురుగా రెండు గాట్లు. ముందు చక్రాల పిస్టన్లకి అవి లేవట. పొద్దుటి నుంచీ ఆ గాట్ల మీదే చెక్క పెట్టి నొక్కుతున్నారు, అవి ఎందుకున్నాయని మాత్రం అనుకోలేదు. సుత్తి మెల్లగా కిందికి దిగింది.

“తెలీదండి చెల్లెమ్మగారూ” అన్నారు. “నాకు తెలీదండి. చూద్దాం.”

బళ్ళ విషయంలో మా నాన్నగారి నోట తెలీదన్న మాట నేను అంతకుముందు వినలేదు. ఆవరణలో అందరూ కారు సంగతి ఆయన్నే అడిగేవారు, ఆయన చెప్పేవారు. ఆ మాట అన్నాక ఆయన చిన్నబోతారేమోనని నేను మొహం తిప్పుకున్నాను. తీరా చూస్తే ఆయన మొహంలో భయం పోయి, నా వయసు పిల్లల మొహాల్లో ఉండే కుతూహలం వచ్చి కూర్చుంది. లోపలికి పరుగెత్తి పెట్టెలోని కాగితం తెచ్చి నేల మీద పరిచారు. బొమ్మలో పిస్టను పక్కన గుండ్రంగా తిరిగే బాణం ఒకటి ఉంది. “ఇది చక్రం తిరిగే దిక్కు అనుకున్నానండి ఇన్నాళ్ళూ” అని నుదురు కొట్టుకున్నారు. అత్తయ్యగారు తన ఇత్తడి గొట్టం తీసి పిడి తిప్పి చూపించారు. తిరుగుతూ, తిరుగుతూ, దిగుతోంది. నాన్నగారు ఆ పిడి తను కూడా తిప్పి చూసుకున్నారు, నేను కూడా తిప్పాను. ముగ్గురం చాలాసేపు దాన్ని వంతులవారీగా తిప్పుకుంటూ కూర్చున్నాం. దారిన పోయేవాళ్ళు చూసి ఏమనుకున్నారో దేవుడికే తెలియాలి.

ఇక ఆ గాట్లలో పట్టేది ఏదైనా కావాలి. స్పానర్లేవీ పట్టలేదు. అత్తయ్యగారు మా వంటింట్లోకి వెళ్ళి, వేడి గిన్నెలు దించే పట్టకారు తెచ్చారు. దాని రెండు మొనలూ కొంచెం విడదీస్తే సరిగ్గా రెండు గాట్లలో కూర్చున్నాయి. పట్టకారు కాళ్ళ మధ్య స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి, నాన్నగారు ఒక చేత్తో లోపలికి అదుముతూ, ఇంకో చేత్తో మెల్లగా తిప్పారు. మొదటి పావు చుట్టుకి కిర్రుమంది. రెండో పావు చుట్టుకి లోపలికి జరిగింది. అంత మొండిది, అలా తిప్పేసరికి, వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది. చేతిబ్రేకు కోసం లోపల స్క్రూ లాంటి ఒక మర ఉంటుందనీ, ప్యాడ్లు అరిగేకొద్దీ అది పిస్టనుని కొంచెం కొంచెం ముందుకి విప్పుతూ పోతుందనీ, మరతో వచ్చింది మరతోనే వెనక్కి పోవాలనీ నాన్నగారు అక్కడికక్కడ ఆలోచించుకుని మాకు చెప్పారు. “మర ఉంటుందన్న సంగతే మరిచానండి” అన్నారు. మాటల ఆట మళ్ళీ మొదలైందంటే ప్రమాదం దాటినట్టేనని నాకు ధైర్యం వచ్చింది.

రెండో వైపు చక్రం దగ్గర అటే తిప్పితే పిస్టను కదల్లేదు. ఈసారి నాన్నగారు బలం చెయ్యలేదు, మొహం చిట్లించలేదు, నేరుగా కాగితం దగ్గరికి వెళ్ళారు. ఆ పక్క బొమ్మలో బాణం ఎదురు దిక్కుకి తిరిగి ఉంది. ఇటు తిప్పారు, పోయింది. అన్నీ బిగించి, సీట్లో కూర్చుని బ్రేకు తొక్కితే పెడలు నేలకి అంటుకుపోయింది. నేను కారు కిందికి వంగి చూశాను. ఆయన మాత్రం నవ్వి, పిస్టన్లు వచ్చి ప్యాడ్లని అందుకోవాలమ్మా అని, మెల్లగా పదీ పదిహేనుసార్లు తొక్కారు. ఒక్కో తొక్కుకీ పెడలు గట్టిపడి, చివరికి రాయిలా నిలబడింది. చీకటి పడకముందే ఇత్తడి గొట్టం తన అసలు ఉద్యోగంలో చేరింది. ఆ పిండితో అత్తయ్యగారు వేసినవాటిని ఆ పూట మా నాన్నగారు కూడా చక్రాలనే పిలిచారు.

గురువారం నన్ను కూడా కారెక్కించుకున్నారు. రేవులో గట్టు పైనే డాక్టరుగారు మందుల సంచీతో దిగిపోయారు. వాలులో ఆ కారులో కూర్చునే ఉద్దేశం ఆయనకి లేదు. నన్ను కూడా దింపి, నాన్నగారు ఒక్కరే కారుని కిందికి తీసుకెళ్ళి, వాలు మధ్యలో ఆపి, చేతిబ్రేకు లాగి, ఇంజను ఆపేసి, దిగి తలుపు వేశారు. సరంగు పంటు మీద నుంచి దిగి వచ్చాడు. గేదెల్ని తోలుకొచ్చినవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు అందరూ చూస్తున్నారు. “ఏమనుకోకండి డ్రైవరుగారూ” అంటూ సరంగు, ఇంకో ఇద్దరు కారు వెనక నడుము ఆనించి నీళ్ళ వైపు నెట్టారు. కాళ్ళు ఇసకలో జారాయి గానీ కారు జరగలేదు. మళ్ళీ నెట్టారు. జరగలేదు. “ఎక్కించుకోండి” అని సరంగు చేతులు దులుపుకున్నాడు.

డాక్టరుగారు మెల్లగా వాలు దిగి వచ్చి, “ఎవరు చేశారు? మండపేట పట్టుకెళ్ళావా?” అని అడిగారు.

నేను నాన్నగారి పక్కనే ఉన్నాను. నేనే చేశానండి అంటే సరిపోతుంది. అబద్ధం కూడా కాదు, విప్పిందీ బిగించిందీ ఆయనే. ఆయన ఉద్యోగం నిలబడేది ఆ ఒక్క మాట మీద అని నాకు కూడా తెలుసు.

“విప్పింది నేనేనండి” అన్నారు నాన్నగారు. “వెనక బ్రేకు తిప్పాలని నాకు తెలీదండి. ముందువాటిలాగే నొక్కానండి. పోకపోతే సుత్తి ఎత్తానండి. మన కాంపౌండరుగారి భార్య ఆపి, అది నొక్కేదా తిప్పేదా అని అడిగారండి. అడక్కపోతే పగలగొట్టేసేవాణ్ణండి.”

నాకు ఆయన చొక్కా పట్టుకుని లాగి ఆపేయాలనిపించింది. సుత్తి మాట ఎందుకు చెప్పడం? తెలీదని అందరి ముందూ చెప్పుకోవడం దేనికి? డాక్టరుగారు మెచ్చుకోలేదు, చిరునవ్వు కూడా నవ్వలేదు. వాలు మధ్యలో నిలబడి ఉన్న ఆ కారు వెనక తలుపు తెరిచి, లోపల కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని తలుపు వేసుకున్నారు. “పోనీయవయ్యా, ఎండ ఎక్కుతోంది” అన్నారు. జీపు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పెద్దయ్యాక నేను తణుకులో ఒక బళ్ళో సైన్సు టీచరునయ్యాను. చేరిన కొత్తలో ఒక పిల్ల లేచి, మిణుగురు పురుగు అంత వెలుగుతుంది కదండీ, దానికి ఒళ్ళు కాలదా అని అడిగింది. నాకు తెలీదు. గంభీరంగా నాలుగు పెద్ద మాటలు చెప్పి కూర్చోబెట్టేయొచ్చు, క్లాసు నమ్మేస్తుంది. గొంతు దాకా వచ్చాయి ఆ మాటలు. రేవు వాలులో అందరి ముందూ తెలీదన్న నాన్నగారు గుర్తొచ్చి, “తెలీదమ్మా. రేపు చూసుకొచ్చి చెప్తాను” అన్నాను. పిల్లలంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ పిల్ల మాత్రం, తను అడిగినది నిజంగానే పెద్ద ప్రశ్న అన్నమాట, అన్నట్టు సంతోషంగా కూర్చుంది.

ఆ తరవాత తెలీదని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. బళ్ళో అన్నాను, ఇంట్లో అన్నాను, ఈమధ్య మా మనవరాలి ఫోను ముందు రోజుకి నాలుగుసార్లు అంటున్నాను. అన్న ప్రతిసారీ, నా పరువు వెనక్కి జారి నీళ్ళలో పడిపోతుందేమోనని ఒక్క క్షణం కాళ్ళు బిగబట్టుకుంటాను. ఇంతవరకూ జారలేదు.